నల్లబొచ్చు, మెరిసే బండ: ఎలుగుబంటి ఫోటోలకు నికాన్ జెడ్ 180-600 ఎంతవరకు పనికొస్తుంది?

పులిని ఫోటో తీయడం కన్నా ఎలుగుబంటిని తీయడమే కష్టం. పులి ఒంటి మీద చారలుంటాయి, ఆటోఫోకస్‌కు పట్టు దొరుకుతుంది. ఎలుగుకు ఒళ్లంతా ఒకటే నలుపు. కళ్లు చిన్నవి, అవీ బొచ్చులో కలిసిపోతాయి. అది గుహ వదిలి బయటికొచ్చే వేళకు వెలుతురు జారిపోతుంటుంది. అది నిలబడే బండ మాత్రం ఎండకు తెల్లగా మెరుస్తూనే ఉంటుంది. ఈ చిక్కులన్నీ ఒకేచోట ఎదురయ్యేది హంపి పక్కనున్న దరోజీలో. అందుకే నికాన్ జెడ్ 180-600 మి.మీ. లెన్సును, అది తెచ్చిన ఫైళ్లను లైట్‌రూమ్ క్లాసిక్‌లో దిద్దే పద్ధతిని, ఇక్కడ దరోజీ కొలబద్దతోనే చూస్తున్నాం. కెమెరా బాడీ నికాన్ జెడ్8 అనుకోండి, 45.7 మెగాపిక్సెళ్లది.

దరోజీ 1994లో ఎలుగుబంట్ల కోసమే ప్రకటించిన అభయారణ్యం. తర్వాత విస్తరించాక దాదాపు 82 చదరపు కిలోమీటర్లయింది. గుంతకల్లు, బళ్లారి మీదుగా హోసపేటకు రైళ్లున్నాయి కాబట్టి రాయలసీమ వాళ్లకు మన నల్లమల కన్నా ఇదే సులువు. ఎదురుగుట్ట మీద అటవీ సిబ్బంది బండలకు బెల్లం పాకం లాంటిది పూస్తారు, మధ్యాహ్నం దాటాక ఎలుగులు దిగివస్తాయి, సందర్శకులు వాచ్‌టవర్ మీద నుంచి చూస్తారు. నడిచి దగ్గరికి వెళ్లడం లేదు. ఎలుగుకు చూపు మందం. దగ్గరికొచ్చేదాకా మనిషిని గమనించదు, గమనించాక పారిపోకుండా మీదపడొచ్చు. కాబట్టి దూరం తగ్గించుకునే మార్గం మన కాళ్లకు లేదు, లెన్సుకే ఉండాలి.

ఆ దూరాన్ని ముందు లెక్కగా చూద్దాం, ఎందుకంటే ఈ లెన్సు మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి జవాబు ఇందులోనే ఉంది. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మి.మీ. 600 మి.మీ. దగ్గర, 100 మీటర్ల దూరంలో, ఫ్రేమ్‌లో పట్టే వెడల్పు 6 మీటర్లు. ఎలుగు పొడవు సుమారు 1.6 మీటర్లనుకుంటే ఫ్రేమ్‌లో నాలుగో వంతుకు కాస్త ఎక్కువ. జెడ్8 ఫైలు వెడల్పు 8256 పిక్సెళ్లు, అంటే ఎలుగుకు దక్కేది దాదాపు 2200. 12×18 అంగుళాల ప్రింటుకు 240 పీపీఐ (అంగుళానికి పిక్సెళ్లు) చొప్పున 4320 పిక్సెళ్లు కావాలి. అంతమేరకు క్రాప్ చేస్తే ఎలుగు ఫ్రేమ్‌లో సగం నిండుతుంది, బొమ్మ బాగుంటుంది. 150 మీటర్లయితే అదే ప్రింటులో మూడో వంతు. అంతకు మించిన దూరంలో ఎలుగు ఒక్కదాన్నే నింపాలని చూడకండి. గుట్ట, బండలు, ఆకాశం కలుపుకుని 'ఎలుగున్న ప్రకృతి దృశ్యం'గా తీయండి. ఈ లెన్సు 180 దాకా వెనక్కి వస్తుంది కాబట్టి అదీ వీలే.

ఇక లెన్సు. 2023లో వచ్చింది. ట్రైపాడ్ కాలర్ లేకుండా 1955 గ్రాములు, దానితో 2140. పొడవు 315 మి.మీ. జూమ్ చేసినా ఆ పొడవు మారదు, కదలికంతా లోపలే. దీని విలువ చేతిలో పట్టుకున్నాకే తెలుస్తుంది. బీన్‌బ్యాగ్ మీద పెట్టి 600 నుంచి 180కి తిప్పినా తూకం తప్పదు, ముందుకు ఒరగదు. సాగే లెన్సుల్లా ఎర్రమట్టి దుమ్మును లోపలికి పీల్చే గొట్టమూ లేదు. జూమ్ రింగు దాదాపు 70 డిగ్రీల తిప్పుడులో మొత్తం పరిధి దాటేస్తుంది, చెయ్యి మార్చుకోనక్కర్లేదు. తల్లి ఎలుగు పిల్లల్ని వీపున ఎక్కించుకుని నడుస్తుంది. ముఖం మీద 600 దగ్గర బిగించి ఉండగా ఆ ఊరేగింపు మొదలైతే ఒక్క మెలికతో 400కి రావాలి. ఫిక్స్‌డ్ లెన్సు పట్టుకున్నవాళ్లు పిల్ల చెవులు కోసేసిన ఫోటోలతో తిరిగొచ్చేది అప్పుడే.

పదును విషయంలో పేచీ లేదు. 600 దగ్గర, లెన్సు పూర్తిగా తెరిచిన ఎఫ్/6.3లోనే మధ్యభాగం బాగుంటుంది. ఎఫ్/8కి మూస్తే మూలలు కాస్త మెరుగవుతాయి గానీ, ఎలుగు మూలలో కూర్చోదు. ఆ మూడింట రెండు స్టాపుల వెలుతురు (ఒక స్టాపు పోతే వెలుతురు సగమవుతుంది) పోగొట్టుకోవడం దండగ. ఫీల్డ్ లోతు కోసమైనా మూయాల్సిన అవసరం తక్కువ. 50 మీటర్ల దూరంలో 600 మి.మీ., ఎఫ్/6.3కి స్పష్టంగా ఉండే లోతు సుమారు 2.6 మీటర్లు, జంతువు మొత్తం అందులో పడుతుంది. 20 మీటర్లకు వస్తే మాత్రం అది 40 సెంటీమీటర్లకు దిగిపోతుంది. ఎలుగు మూతి పొడుగు కాబట్టి ఫోకస్ ముక్కు మీద పడితే చెవులు మసకేస్తాయి. అంత దగ్గర దృశ్యం సఫారీ బండి ఎక్కే అడవుల్లోనే దొరుకుతుంది, దరోజీ టవర్ మీద కాదు.

'ఈ లెన్సు 600లో మెత్తగా ఉంది' అనే మాట తరచుగా వింటుంటాం. అందులో ఎక్కువ భాగం లెన్సు తప్పు కాదు, వేడి తప్పు. గ్రానైట్ గుట్ట పొద్దున్నుంచి కాగుతుంది. మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు బండ పైనుంచి లేచే వేడిగాలి, దాని పైనున్న చల్లగాలి కలిసి కాంతిని అటూఇటూ వంచుతాయి. పెనం మీద ఆవిరిలా దృశ్యం కదులుతుంది. దూరం పెరిగేకొద్దీ, ఫోకల్ లెంగ్త్ పెరిగేకొద్దీ ఇది పెద్దదవుతుంది. నాలుగు లక్షల లెన్సు పెట్టినా అంతే. గుర్తుపట్టడం సులువు: వరసగా తీసిన పది ఫ్రేముల్లో ఒక దాంట్లో బొచ్చు పోగులు కనిపించి, తర్వాతి దాంట్లో బురద పూసినట్టుంటే అది వేడిగాలే. ఫోకస్ తప్పితే పదీ ఒకేలా చెడతాయి, లేదా ముందున్న గడ్డి పదునుగా ఉంటుంది. విరుగుడు ఏమిటంటే, సాయంత్రం నాలుగున్నర దాకా బరస్టులు (వరస షాట్లు) పొదుపుగా వాడి, బండ చల్లబడ్డాక కార్డు ఖర్చుపెట్టడం. తప్పనిసరైతే ప్రతిసారీ 8 నుంచి 10 ఫ్రేములు తీసి, వాటిలో గాలి నిలిచిన క్షణం ఏదో ఏరుకోవడం. లెన్సు హుడ్ ఎండలో కాగినా, ఏసీ కారులోంచి అప్పుడే దించినా గొట్టంలోని గాలి కూడా ఇదే పని చేస్తుంది. ఒక ఇరవై నిమిషాలు నీడలో పెట్టండి.

ఇక్కడే 1.4 టెలికన్వర్టర్ (లెన్సుకు, కెమెరాకు మధ్య పెట్టి ఫోకల్ లెంగ్త్‌ను 1.4 రెట్లు చేసేది) సంగతీ తేల్చేయొచ్చు. పెడితే 252-840 మి.మీ. అవుతుంది, ఎఫ్/9కి దిగుతుంది. మధ్యాహ్నం వాడితే వేడిగాలినే పెద్దది చేసి చూపిస్తుంది. సాయంత్రం వాడితే ఒక స్టాపు పోయి ఐఎస్ఓ (తక్కువ వెలుతురును పెంచి చూపే అంకె, పెరిగితే గింజలొస్తాయి) రెట్టింపవుతుంది. మధ్యలో దొరికే ఆ అరగంట మంచి వెలుతురు కోసం కొనాలా అంటే, వద్దు. 45 మెగాపిక్సెళ్ల ఫైలును క్రాప్ చేసుకోవడమే మేలు.

ఎక్స్‌పోజర్ దగ్గర కొత్తవాళ్లు రెండు వైపులా దెబ్బతింటారు. ఎలుగు ఫ్రేమ్ నిండా ఉంటే మీటర్ ఆ నలుపును బూడిదరంగు చేయాలని చూస్తుంది. అప్పుడు -0.7 నుంచి -1 వరకు తగ్గించాలి. ఎలుగు చిన్నగా ఉండి చుట్టూ ఎండ బండలుంటే మీటర్ బండను చూసి బెదిరి మొత్తం చీకటి చేస్తుంది. అప్పుడు కాస్త పెంచాలి, బండ తెలుపు వివరమే లేకుండా తెగిపోనంత మేరకే. సులువైన దారి మాన్యువల్‌లో షట్టర్, ఎపర్చర్ పెట్టి, వ్యూఫైండర్‌లోని హిస్టోగ్రామ్ (నలుపు నుంచి తెలుపు దాకా చూపే గ్రాఫు) కుడి అంచు బండ దగ్గర ఆగేలా ఐఎస్ఓ చూసుకోవడం. నీడలో పడ్డ నల్లబొచ్చును రా ఫైలు (కెమెరా దిద్దకుండా దాచే ముడి ఫైలు) తర్వాత తిరిగి ఇస్తుంది. తెగిన బండను ఇవ్వదు.

షట్టర్ సంగతి: కూర్చుని బెల్లం నాకుతుంటే, లెన్సులో వణుకును అదుపుచేసే వీఆర్‌తో 1/320 చాలు, నడుస్తుంటే 1/500, తల విదిలిస్తే 1/1000, రెండు ఎలుగులు కలబడితే 1/1600. పొద్దు గుంకాక ఎఫ్/6.3, 1/500 పెడితే ఐఎస్ఓ 6400 దాటక తప్పదు. ఎఫ్/4 లెన్సు ఉన్నవాళ్లు అదే వెలుతురులో 2500 దగ్గర ఉంటారు. ఈ లెన్సుకు నిజమైన లోటు ఇదే. మిగతావన్నీ సర్దుకోవచ్చు, దీన్ని ఎడిటింగ్‌లో పూడ్చుకోవాలి.

ఫోకస్ మోటారు స్టెప్పింగ్ రకం. ఎగిరే డేగ కోసమైతే నికాన్ ఖరీదైన ఎస్-లైన్ లెన్సుల కన్నా ఒక అడుగు వెనకే. ఎలుగు నడకకు ధారాళంగా సరిపోతుంది. చిక్కు మోటారులో కాదు, గుర్తింపులో. జెడ్8 జంతువుల గుర్తింపు ముఖ్యంగా కుక్క, పిల్లి, పక్షుల కోసం చేసింది. ఎలుగు తల ఎత్తి పక్కకు చూస్తే తెల్లటి మూతిని ఆసరా చేసుకుని ఫోకస్ చతురస్రం నిలుస్తుంది. తల దించి నాకడం మొదలెట్టగానే దానికి కనిపించేది ఒక నల్ల గుండ్రాయి. చతురస్రం వీపు మీదికి, అక్కడి నుంచి ముందున్న గడ్డిపోచ మీదికి దూకుతుంది. వైడ్-ఏరియా సీ1 (మనమే సైజు పెట్టుకునే ఫోకస్ ప్రాంతం) పెట్టెను మూతికి కొంచెం పెద్దగా ఉండేలా అమర్చి, ఒక బటన్‌కు కట్టుకోండి. మూతి, మెడ కింద తెల్లటి 'వి' గుర్తు: కాంట్రాస్ట్ దొరికేవి ఈ రెండే. లెన్సు మీది ఫోకస్ లిమిటర్‌ను 6 మీటర్ల నుంచి అనంతం వైపు పెట్టేయండి, టవర్ గోడ మీదికి ఫోకస్ పరుగెత్తకుండా ఉంటుంది. మళ్లీ ఫుల్‌లోకి మార్చడం మర్చిపోతే, ఎలుగు రాకముందు గోడ మీద పాకే బల్లిని తీయబోయి లెన్సు పాడైందనుకుంటారు. దగ్గరి వాటికి ఇది ముచ్చటైన లెన్సే మరి, 180లో 1.3 మీటర్ల దాకా ఫోకస్ అవుతుంది.

టవర్ మీద ట్రైపాడ్ కన్నా పిట్టగోడపై బీన్‌బ్యాగ్ మేలు. పదిమంది నడిచే నేల మీద ట్రైపాడ్ ప్రతి అడుగుకూ వణుకుతుంది. సంచి ఖాళీగా తీసుకెళ్లి అక్కడి కిరాణా కొట్టులో రెండు, మూడు కిలోల శనగలో బియ్యమో కొని నింపుకోవచ్చు. మరమరాలు తేలికే గానీ రెండు కిలోల బరువుకు అణిగి చప్పబడతాయి. ఇసుక వద్దు, కుట్లలోంచి రాలి జూమ్ రింగులో చేరుతుంది. లెన్సు ఫుట్ ఆర్కా-స్విస్ గాడి (ట్రైపాడ్ తలలోకి నేరుగా జారి బిగిసేది) లేకుండా వస్తుంది. ఈ ధరలో ఇది పిసినారితనమే. ప్లేటు విడిగా బిగించాలి, లేదా వేరే కంపెనీ ఫుట్ కొని మార్చుకోవాలి. ముందు ఫిల్టర్ బిగించే గాడి 95 మి.మీ., ఆ సైజు ఫిల్టర్ ఖరీదు చూసి నిట్టూర్చకండి, ఎలుగుకు ఫిల్టర్ అక్కర్లేదు.

ఇప్పుడు కంప్యూటర్ ముందుకు. లైట్‌రూమ్‌లో ఏఐ డినాయిజ్ (గింజలను, అంటే నాయిజ్‌ను, తుడిచే పరికరం) 2023 ఏప్రిల్‌లో వచ్చింది. ఎఫ్/6.3 లెన్సులతో సాయంత్రం పని చేయగలుగుతున్నామంటే సగం పుణ్యం దానిదే. కానీ ముందుగా నిండి ఉండే 50 అంకెను అలాగే వదిలితే ఎలుగుబొచ్చు తడిపి దువ్విన విగ్గులా తయారవుతుంది. బొచ్చు పోగు, నాయిజ్ గింజ రెండూ పిక్సెల్ సైజులో దగ్గరదగ్గరగా ఉండటమే కారణం. ఏది ఏదో తెలియనిచోట సాఫ్ట్‌వేర్ ఊహించి గీస్తుంది. ఐఎస్ఓ 3200కి 25-30, 6400కి 35-40 చాలు. నీడలో కొంచెం గింజ మిగిలితే మిగలనివ్వండి, ప్రింటులో అది కనపడదు, ప్లాస్టిక్ బొచ్చు మాత్రం కనపడుతుంది. డినాయిజ్‌ను మాస్కుల (ఫోటోలో ఒక భాగాన్నే ఎంచి దిద్దే పద్ధతి) కన్నా ముందే చేయాలి. వేడిగాలికి చెడిన ఫ్రేమ్‌కు మాత్రం ఇదేమీ చేయలేదు, లేని పోగులను పుట్టిస్తుంది. అలాంటివి తీసేయడమే.

తర్వాత ప్రొఫైల్, అంటే రా ఫైలుకు మొదట రంగులు, కాంట్రాస్ట్ ఇచ్చే అమరిక. అడోబీ కలర్ నలుపును మరీ బిగిస్తుంది. అడోబీ న్యూట్రల్‌కో, కెమెరా ఫ్లాట్‌కో మారిస్తే స్లైడర్ ముట్టకుండానే బొచ్చు సగం విచ్చుకుంటుంది. మొత్తం ఫోటో ఎక్స్‌పోజర్‌ను బండను చూసి పెట్టండి. ఎలుగును చూసి కాదు. ఎలుగు పని మాస్కులో జరగాలి.

సెలెక్ట్ సబ్జెక్ట్ నొక్కితే ఎలుగుతోపాటు దాని వెనక బండల మధ్య చీకటి సందును కూడా ఎలుగే అనుకుని పట్టుకోవడం మామూలు. బ్రష్‌తో తీసివేయండి. లేదా ల్యూమినెన్స్ రేంజ్ (వెలుతురు స్థాయిని బట్టి ఎంచే మాస్కు)తో ఇంటర్‌సెక్ట్ చేసి 0-35 మధ్య ఉంచండి, అప్పుడు బొచ్చు చివర్ల దగ్గర బండ వెలుతురు మాస్కులో పడదు, తెల్లటి అంచు గీత రాదు. ఈ మాస్కులో ఎక్స్‌పోజర్ +0.4 నుంచి +0.7, షాడోస్ +25 నుంచి +35, వెంటనే బ్లాక్స్ -8 నుంచి -15. ఈ చివరిది ముఖ్యం. షాడోస్ ఒక్కటే లేపితే ఎలుగు బూడిదలో పొర్లిన ఎద్దులా అవుతుంది. బొచ్చు మీద కర్సర్ పెట్టి హిస్టోగ్రామ్ కింద అంకెలు చూడండి: అతి చీకటి చోట 3-5 శాతం, వెలుతురు తగిలిన పోగుల దగ్గర 12-18 శాతం ఉంటే నలుపు నలుపుగానే ఉంటూ పోగులు కనపడతాయి. 25 దాటిందంటే వెనక్కి రండి.

లేపిన నలుపులో దాగిన రంగులు బయటపడతాయి. వీపు మీద ఆకాశపు నీలం, పొట్ట కింద ఎర్రమట్టి ఛాయ. అదే మాస్కులో సాచురేషన్ -20, టెంపరేచర్ +5 పెడితే చాలావరకు పోతుంది. పొట్ట కింది ఎరుపును పూర్తిగా చంపకండి, అది ఆ నేల మీద నిజంగా పడే వెలుగు. టెక్స్చర్ +15 వరకు పెట్టొచ్చు. క్లారిటీ 5 దాటితే బొచ్చు తీగల గుట్టలా కనపడుతుంది. డీహేజ్ ఎలుగు మీద అసలు వద్దు, నేపథ్యానికి మాత్రం +8 దాకా పనికొస్తుంది.

మూతికి వేరే మాస్కు. బెల్లపు జిగురు అంటి మూతి తళుక్కుమంటుంది, హైలైట్స్ -20. మెడ కింది 'వి' గుర్తుకూ అంతే. కంటికి +0.3 మించి వెలుగు పెట్టకండి. అంతకన్నా పెంచితే ఎలుగు కళ్లలో టార్చిలైటు వేసినట్టుంటుంది. షార్పెనింగ్‌లో మాస్కింగ్ స్లైడర్‌ను ఆల్ట్ నొక్కి జరుపుతూ 60-70 దగ్గర ఆపితే నేపథ్యం గరుకుగా మారదు.

డినాయిజ్‌కు డీఎక్స్ఓ ప్యూర్‌రా అనే వేరే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లూ ఉన్నారు. వందల ఫైళ్లను రాత్రికి రాత్రి ఒకేసారి తోసేయడానికి అది హాయి. ఎలుగు ఫోటోలకు మాత్రం లైట్‌రూమే చాలు. ఒక్కో ఫోటోకు అంకె మార్చుకోవాల్సిన పని కాబట్టి మందలో తోలడం ఇక్కడ కలిసిరాదు.

బండ మీది బెల్లపు మరకను జెనరేటివ్ రిమూవ్‌తో చెరిపేసి 'అడవిలో సహజంగా' అని రాసే అలవాటు కొందరికి ఉంది. చెరపకండి. పాకం పూసిన బండ దగ్గర తీసిందని కాప్షన్‌లో రాస్తే పోయేదేమీ లేదు. పోటీలకు పంపితే రా ఫైలు అడుగుతారు, అక్కడ మరక ఉండనే ఉంటుంది. మరక చిరాకనిపిస్తే ఎలుగు బండ దిగి నడిచేదాకా ఆగి తీయండి. నడిచే వైపు ఖాళీ వదిలి క్రాప్ చేస్తే ఆ ఫోటోలే ఎక్కువ బాగుంటాయి కూడా. ఎలుగు రాని వేళల్లో అదే గుట్ట మీద తిరిగే చిత్తారు రంగుల కొండకోళ్లు కూడా ఈ లెన్సుకు సరిగ్గా సరిపోయే కొలత.

ఉద్దానం జీడితోటల్లోనో, కళ్యాణదుర్గం కొండల కిందో ఎలుగు తిరుగుతోందని వార్త రాగానే ఈ లెన్సు భుజాన వేసుకుని బయల్దేరేవాళ్లకు ఒక మాట. అక్కడ టవర్ లేదు, గోడ లేదు. పొదల్లో ఎలుగు ఎదురుపడే దూరం పదిహేను, ఇరవై మీటర్లు. ఆ దూరానికి 600 మి.మీ. అనవసరం, ఫోటోగ్రాఫర్ అంతకన్నా అనవసరం. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జంతువును తరమడం నేరం కూడా.

ఎవరు కొనాలి? దరోజీ లాంటి చోట ఏడాదికి రెండు మూడుసార్లు తిరిగేవాళ్లకు, పక్షులూ ఎలుగులూ ఒకే సంచితో తీయాలనుకునేవాళ్లకు నిశ్చింతగా చెప్పొచ్చు. 600 మి.మీ. ఎఫ్/6.3 ఫిక్స్‌డ్ లెన్సు 1470 గ్రాములే, చేతికి హాయి, కానీ ధర దీనికి రెండింతల పైమాట, వెలుతురు మాత్రం అంతే. 2015 నాటి పాత 200-500 ఎఫ్/5.6 ఇప్పటికే ఉన్నవాళ్లు తొందరపడనక్కర్లేదు. ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో (పాత నికాన్ లెన్సును జెడ్ బాడీకి తగిలించేది) అది పనిచేస్తుంది, మూడో వంతు స్టాపు ఎక్కువ వెలుతురు కూడా ఇస్తుంది. ఒదులుకునేది చివరి వంద మి.మీ., ఫోకస్ వేగం, లోపలే తిరిగే జూమ్. సెకండ్‌హ్యాండ్ 180-600 చూస్తుంటే కొనేముందు రింగును 180 నుంచి 600కి నాలుగుసార్లు చెవి దగ్గర పెట్టుకుని తిప్పండి. గరగర వినిపిస్తే ఎర్రమట్టి చేరిందని అర్థం.